యెట్టె అమ్మ బతుకు – మన సంఘాలకు చెప్పే మాట

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)

 

ప్రతి సంవత్సరం మహాసభలో లీడర్లలో ఒకరు ఒక ఆడమనిషి జీవితం గురించి చెప్పాలని మనం పెట్టుకున్నాం కదా. పోయినసారి సావిత్రిబాయి ఫూలే గురించి విన్నాం. అంతకుముందు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి విన్నాం. ఈసారి నా వంతు వచ్చింది. నేను చెప్పబోయే ఆవిడ పేరు మీలో ఎవరూ విని ఉండరు. ఆవిడ నాయకురాలు కాదు, రాణి కాదు. ఒక రైతు ఇంటి ఇల్లాలు, పిల్లల తల్లి. జర్మనీ దేశంలో పుట్టి అమెరికా వెళ్ళి అక్కడ అడవిలో కాపురం చేసిన మనిషి. మా తోడికోడలి కూతురు అమెరికాలో మిస్సోరీ అనే రాష్ట్రంలో చదువుకుంటోంది. ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయని ఆ పిల్లే నాకు చెప్పింది. ఆదివారం ఆదివారం ఫోనులో చదివి తెలుగులో చెబుతుంటే నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. అందులోంచి మనకు పనికొచ్చేవి నాలుగు మాటలు చెబుతాను.

ఆవిడ పూర్తి పేరు హెన్రియెట్టె. ఇంట్లో ముద్దుగా యెట్టె అనేవాళ్ళు. మనం నాగలక్ష్మిని లచ్చమ్మ అన్నట్టు అనుకోండి. పుట్టింటి పేరు గైస్‌బెర్గ్, అత్తింటి పేరు బ్రూన్స్. 1813లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా అనే ప్రాంతంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. ఇంటికి పెద్దపిల్ల కాబట్టి తమ్ముళ్ళ, చెల్లెళ్ళ బాధ్యత ఆవిడ మీద పడింది. 1832లో బెర్న్‌హార్డ్ బ్రూన్స్ అనే డాక్టరుతో పెళ్ళయింది.

ఇక అమెరికా ఎందుకు వెళ్ళారు అంటారా? ఆ రోజుల్లో జర్మనీ పల్లెల్లో భూమి తక్కువ, పంచుకునే మనుషులు ఎక్కువ. 1829లో డూడెన్ అనే ఆయన ఒక పుస్తకం వేశాడు. ఆయన మిస్సోరీలో మూడేళ్ళు ఉండి వచ్చాడు. అక్కడి నేల బంగారం, అడుగు పెడితే చాలు పంట అన్నట్టు రాశాడు. అది చదివి వేలమంది జర్మన్లు బయలుదేరారు. మన దగ్గర దుబాయ్, కువైట్ గురించి ఏజెంట్లు చెప్పే మాటలు గుర్తొస్తున్నాయా? అలాగే అన్నమాట. అమెరికా ప్రభుత్వం అప్పట్లో ఎకరం ఒక డాలరు పాతిక సెంట్లకు అమ్మేది. డాక్టరు గారు ముందు తానొక్కడే వెళ్ళి మిస్సోరీలో భూమి చూసుకుని వచ్చాడు. తర్వాత 1836లో భార్యను, చిన్న కొడుకును తీసుకుని బయలుదేరాడు. యెట్టె తమ్ముళ్ళు ఇద్దరు కూడా వాళ్ళతో వెళ్ళారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెళ్ళాలన్న కోరిక భర్తది. ఆవిడకు పుట్టిన ఊరు వదలడం ఇష్టం లేదు. అయినా వెళ్ళింది. భూమి ఎక్కడ కొనాలి, ఎంత కొనాలి, ఎప్పుడు కదలాలి అన్నీ మగవాళ్ళు తేల్చుకున్న తర్వాత ఆవిడకు మిగిలింది పెట్టెలు సర్దుకోవడం. మనలో ఎంతమంది అలా పెట్టెలు సర్దుకున్నామో మనకు తెలుసు. వలస వెళ్ళేటప్పుడు అయినా, ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు అయినా.

అప్పటి ఓడలు తెరచాప ఓడలు. సముద్రం దాటడానికి గాలిని బట్టి ఆరు నుంచి పది వారాలు పట్టేది. దిగిన తర్వాత ఇంకా నదుల మీద స్టీమరులో, ఆ తర్వాత బండ్ల మీద పోవాలి. అలా ఆ సంవత్సరం చివరికి మేరీస్ అనే చిన్న నది పక్కన ఉన్న సెటిల్‌మెంటుకు చేరారు. వెస్ట్‌ఫాలియా నుంచి వచ్చిన వాళ్ళు కాబట్టి ఆ ఊరికి కూడా వెస్ట్‌ఫాలియా అనే పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊరు ఆ పేరుతోనే ఉంది.

ఇంకో నిజం కూడా మరిచిపోకూడదు. ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. అది ఒసేజ్ అనే ఆదివాసులు తిరిగిన నేల. 1808లో ఒప్పందం పేరుతో మిస్సోరీలో చాలా భాగం వాళ్ళ దగ్గర నుంచి ప్రభుత్వం తీసేసుకుంది. ఆ తర్వాతే అది ఎకరాల లెక్కన అమ్మకానికి వచ్చింది. అదీగాక మిస్సోరీలో అప్పుడు నల్లవాళ్ళను బానిసలుగా కొనడం, అమ్మడం చట్టం ఒప్పుకున్న పని.  ఒకరి కష్టం చెప్పేటప్పుడు పక్కవాళ్ళ కష్టం కప్పిపెట్టకూడదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

సరే, చేరిన తర్వాత ఆవిడ కాపురం ఎలా ఉందో చూద్దాం. దుంగలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి కట్టిన గుడిసె. జర్మనీలో మంచి ఇంట్లో పెరిగిన పిల్ల. చదువుకున్న పిల్ల. ఇక్కడ వానకు కారే పైకప్పు, గాలికి ఆరిపోయే దీపం.

ఆ రోజుల్లో జర్మన్ రైతు ఇల్లాలి పని ఏమిటో ఒక్కొక్కటిగా చెబుతాను, లెక్క పెట్టుకోండి. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేయడం. నీళ్ళు మోసుకురావడం. ఆవుల పాలు పితకడం. మీగడ చిలికి వెన్న తీయడం. కోళ్ళు, పందులు మేపడం. రొట్టె కాల్చడం. వాళ్ళ దేశంలో తినే రై పిండి దొరకక మొక్కజొన్న పిండితో సర్దుకోవాల్సి వచ్చేది. క్యాబేజీని సన్నగా తరిగి ఉప్పు వేసి జాడీల్లో ఊరబెట్టడం. మనం ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టినట్టు వాళ్ళు చలికాలానికి అది పెట్టుకునేవాళ్ళు. చలికాలంలో పందిని కోసి మాంసం ఉప్పులో వేసి, పొగ పెట్టి దాచడం. ఆ కొవ్వును పారేయకుండా కట్టెల బూడిద నీళ్ళతో కలిపి ఉడికించి సబ్బు చేయడం. పశువుల కొవ్వుతో కొవ్వొత్తులు పోయడం. నూలు వడకడం, బట్టలు కుట్టడం, చిరిగినవి అతకడం. కూరగాయల దొడ్డి. కోతల కాలంలో పొలం పని. జర్మన్ ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా పొలంలో దిగడం చూసి చుట్టుపక్కల అమెరికా వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళట. ఇవన్నీ చేస్తూ మధ్యలో పిల్లల్ని కనడం, పాలివ్వడం, పెంచడం.

ఇప్పుడు చెప్పండి అక్కలూ, ఇందులో ఏ పనికైనా కూలి ఉందా? లేదు. అమ్మిన ధాన్యం డబ్బులు ఇంటాయన చేతికి వచ్చేవి. చాలా రైతు ఇళ్ళల్లో ఆడదాని చేతిలో తిరిగే డబ్బు ఏదంటే గుడ్లు, వెన్న అమ్మిన డబ్బే. ఆ చిల్లరతోనే కాఫీ, పంచదార, ఉప్పు, పిల్లల బట్టలు వచ్చేవి. మన పాల డబ్బు, కోడిగుడ్ల డబ్బు లాంటిదే. మగవాళ్ళు దాన్ని చిల్లర ఖర్చు డబ్బు అనేవాళ్ళు. కానీ పంట పోయిన ఏడాది ఇల్లు నిలబెట్టింది ఆ చిల్లరే.

యెట్టె భర్త డాక్టరు కాబట్టి ఇంకో కష్టం. గుర్రం ఎక్కి ఎక్కడెక్కడి రోగుల కోసమో పోయేవాడు. ఇల్లు, పొలం, పనివాళ్ళు, పిల్లలు అన్నీ ఆవిడ మీదే. పక్కిల్లు అంటే మన పక్కిల్లు లాగా గోడకు ఆనుకుని ఉండేది కాదు. మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి లేదు. అప్పుడు ఆవిడ చేసిన పని ఉత్తరాలు రాయడం. జర్మనీలో ఉన్న తమ్ముడు హైన్రిక్‌కు, అయినవాళ్ళకు అరవై ఏళ్ళకు పైగా రాసింది. పంట ఎలా ఉంది, ఎవరికి జ్వరం, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, తన మనసు ఎలా ఉంది, అన్నీ. అక్కడి వాళ్ళు ఆ ఉత్తరాలు దాచారు కాబట్టి 1988లో అమెరికాలో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అదే లేకపోతే నేను ఇవాళ ఆవిడ గురించి చెప్పగలిగేదాన్ని కాదు. అలా పనిచేసి పోయిన లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు కూడా మిగల్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. 1841లో ఆ ఊరిలో రక్త విరేచనాలు వచ్చాయి. కొద్ది వారాల తేడాలో యెట్టె పిల్లలు ముగ్గురు పోయారు. ముగ్గురమ్మా. భర్త డాక్టరే. డాక్టరు ఇంట్లోనే ముగ్గురు పిల్లలు కళ్ళ ముందు పోయారు. ఎందుకంటే ఆ రోజుల్లో రోగం నీళ్ళలో నుంచి, చేతుల మురికి నుంచి వస్తుందని డాక్టర్లకే తెలియదు. ఒంట్లో నీళ్ళు పోతుంటే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టించాలని తెలియదు. ఆవిడ అంత దుఃఖంలోనూ మిగిలిన పిల్లల కోసం లేచి పొయ్యి రాజేసింది. ఆ తర్వాత కూడా పిల్లల్ని కన్నది, పెంచింది. కానీ ఆ ముగ్గురినీ ఏ రోజూ మరిచిపోలేదు.

మనకు ఇప్పుడు తెలుసు. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఊరికే ఇస్తారు. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం కలిపి సగం దాచకూడదు. కలిపిన నీళ్ళు ఒక్క రోజే వాడాలి. దానితోపాటు జింకు బిళ్ళలు 14 రోజులు వేయాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకూడదు. తల్లిపాలు ఆపకూడదు. విరేచనంలో రక్తం కనబడితే, బిడ్డ కళ్ళు లోపలికి పోతే, నీళ్ళు కూడా తాగలేకపోతే వెంటనే ఆసుపత్రికి. ఇవి మీకు తెలిసినవే. అయినా వర్షాకాలం వస్తే ప్రతి సంఘం మీటింగులో ఒకసారి చదివి వినిపించాలని నా మనవి. తెలియక ముగ్గురిని పోగొట్టుకున్న తల్లి కథ విన్నాక, తెలిసి కూడా ఒక్క బిడ్డను పోగొట్టుకోకూడదు కదా.

1850ల్లో వాళ్ళు పల్లె వదిలి జెఫర్సన్ సిటీకి మారారు. అది మిస్సోరీ రాజధాని. డాక్టరు గారు ఆ ఊరికి మేయరు కూడా అయ్యారు. అంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం ఉండాలా పోవాలా అన్నదే దానికి అసలు కారణం. యెట్టె కొడుకు హైన్రిక్ ప్రభుత్వం వైపు సైన్యంలో చేరి 1863లో చనిపోయాడు. మరుసటి ఏడాది 1864లో భర్త పోయాడు. అప్పటికి ఆవిడ వయసు యాభై ఏళ్ళు. ఇంట్లో ఇంకా పెంచాల్సిన పిల్లలు ఉన్నారు. నెత్తిన బాకీలు ఉన్నాయి.

ఆవిడ ఏం చేసిందో వినండి. ఉన్న ఇంటినే భోజన వసతి గృహంగా మార్చింది. రాష్ట్ర శాసనసభకు వచ్చే జర్మన్ సభ్యులు ఆవిడ ఇంట్లో దిగేవాళ్ళు, ఆవిడ చేతి వంట తినేవాళ్ళు. అడవిలో ఏళ్ళ తరబడి జీతం లేకుండా చేసిన వంట, వార్పు, సర్దుబాటు అప్పుడు మొదటిసారి డబ్బుగా మారింది. పని అదే. మారింది ఏమిటంటే ఆ పనికి ధర కట్టారు, ఆ ధర ఆవిడ చేతికి వచ్చింది.

ఇంకో మాట. చట్టాలు చేసే పెద్దమనుషులు ఆవిడ బల్ల దగ్గర కూర్చుని అన్నం తిని, రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళు. వడ్డించే ఆవిడకు మాత్రం ఓటు లేదు. అమెరికా మొత్తంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1920లో. జర్మనీలో 1918లో వచ్చింది. యెట్టె 1899లో కన్నుమూసింది. ఒక్కసారి కూడా ఓటు వేయకుండానే పోయింది. అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడదాని ఆస్తి మీద, సంపాదన మీద అధికారం చాలావరకు భర్తదే. 1862లో అమెరికా ప్రభుత్వం హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు ఇస్తామంది. ఐదేళ్ళు కాపురం ఉండి సాగు చేయాలి. అందులో పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త ఉన్న భార్య తన పేరు మీద మామూలుగా పెట్టుకోవడానికి లేదు. పొలంలో చెమట ఇద్దరిదీ, కాగితం ఒకరిది.

మన సంగతి చూసుకుందాం. మనకు ఓటు స్వాతంత్ర్యంతో పాటే మగవాళ్ళతో సమానంగా వచ్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు గారి కాలంలో, 1985 నుంచి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చారు. 2005లో దేశమంతా ఆడపిల్లలందరికీ ఆ హక్కు వచ్చింది. చట్టం ఉంది. మరి మీ పాసు పుస్తకంలో ఎవరి పేరు ఉంది? చేతులు ఎత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు, అందుకే ఎత్తమనడం లేదు.

మా ఊళ్ళో ఒక చెల్లెలు ఉంది. పేరు చెప్పను. భర్త ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజు కూడా కాకముందే ముగ్గురు మనుషులు ప్రోనోట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఆయన అప్పు చేసిన సంగతి ఆ పిల్లకు తెలియనే తెలియదు. ఏ నోటు నిజమో, ఏది తీరిపోయిందో చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు మా సంఘం వాళ్ళం పదిమందిమి వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చున్నాం. కాగితాలు తీసుకోండి, తేదీలు చూపించండి, వడ్డీ లెక్క చెప్పండి అని అడిగాం. ఒక నోటు ఎప్పుడో తీరిపోయిందని తేలింది. మిగతా రెండింటికీ వాయిదాలు ఒప్పించాం. సంఘం నుంచి అప్పు ఇచ్చి ఆ పిల్లకు గేదె కొనిపెట్టాం. ఇవాళ ఆ చెల్లెలు ఈ సభలోనే కూర్చుని ఉంది. యెట్టె గుమ్మంలో అలా వచ్చి కూర్చున్న పదిమంది లేరు. ఆ ఒక్క విషయంలో మనం ఆవిడకన్నా అదృష్టవంతులం.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. యెట్టె భర్త పోయిన అదే 1864లో, ఆవిడ వదిలి వచ్చిన జర్మనీలో హెడ్డెస్‌డార్ఫ్ అనే ఊళ్ళో రైఫైజెన్ అనే ఆయన రైతుల అప్పుల సంఘం పెట్టాడు. ఆయన ఒక ఊరికి మేయరుగా ఉన్నప్పుడు 1846, 47లో కరువు వచ్చింది. రైతులు వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కి పశువులు, భూములు పోగొట్టుకోవడం చూశాడు. కొందరు ఊరు వదిలి అమెరికా దారి పట్టారు. ఒకరికి ఒకరు పూచీ ఉండి, ఒకరినొకరు తెలిసిన ఊరివాళ్ళు కలిసి పొదుపు చేసుకుంటే, ఆ డబ్బే అప్పుగా ఇచ్చుకుంటే ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు అన్నాడు. ఆ పద్ధతి చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం నికల్సన్ అనే అధికారిని పంపింది. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు చాలావరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆయన 1895, 1897లో నివేదికలు ఇచ్చాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన ఊళ్ళల్లో సొసైటీ అని పిలిచే సంఘాలకు వేరు అక్కడుంది. పదిమంది కూర్చుని పొదుపు చేసుకుని, ఒకరికొకరు పూచీ నిలబడే మన పద్ధతి కూడా ఆ దారిలోదే. అంటే జర్మనీ రైతు ఇళ్ళల్లో పుట్టిన కష్టానికి వెతికిన మందు తిరిగి తిరిగి మన దాకా వచ్చింది. యెట్టెకు అందలేదు, మనకు అందింది.

ఇదంతా విని చప్పట్లు కొట్టి భోజనాలకు వెళ్ళిపోతే లాభం లేదు. అందుకని మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. మీకు నచ్చితే మీ గ్రామ సంఘం మీటింగులో తీర్మానం రాసుకోండి.

ఒకటి. ప్రతి సభ్యురాలు ఇంటి అప్పుల జాబితా రాసుకోవాలి. సంఘం అప్పు, బ్యాంకు అప్పు మనకు తెలుసు. ఇంటాయన బయట చేసిన అప్పు ఎంత, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంత తీరింది అన్నది కూడా కూర్చుని అడిగి రాసుకోవాలి. గొడవ పడి అడగొద్దు. అన్నం తిన్నాక నెమ్మదిగా అడగండి. తీరిన నోటు వెనక్కి తీసుకుని చింపేయాలి.

రెండు. ఇకముందు కొనే ఏ సెంటు భూమి అయినా, కట్టే ఏ ఇల్లయినా కాగితంలో ఆడమనిషి పేరు ఉండాలి. జాయింటుగా అయినా ఉండాలి. ఇల్లు కట్టుకోవడానికి సంఘం నుంచి అప్పు అడిగేవాళ్ళను కాగితం ఎవరి పేరు మీద ఉందని మనమే అడుగుదాం.

మూడు. మన సంఘంలో ఎవరికైనా భర్త పోయినా, బిడ్డ పోయినా, నెల రోజుల పాటు రోజుకొకరు ఆ ఇంటికి వెళ్ళాలి. ఊరికే కూర్చుని రావాలి. అప్పుల వాళ్ళు వస్తే మనం ఉండాలి. పిల్లలకు అన్నం వండాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు. రిజిస్టర్‌లో ఎవరి వంతు ఏ రోజో రాసుకుంటే చాలు.

చివరగా ఒక్కటి. మన మినిట్స్ పుస్తకంలో ఎంతసేపూ పొదుపు ఇంత, అప్పు ఇంత, వడ్డీ ఇంత అని రాస్తాం. అవి రాయాలి, తప్పదు. దానితోపాటు ఆ నెల మన ఊరి ఆడవాళ్ళకు ఏం జరిగిందో కూడా నాలుగు వరుసలు రాయండి. ఎవరి గేదె ఈనింది, ఎవరి పాప టెన్త్ పాసైంది, ఎవరు ఏ కష్టం దాటారు. చదువు తక్కువ అని మొహమాటపడొద్దు, నాదీ పదో తరగతే. చేతకాని వాళ్ళు చెప్పండి, వీఓఏ చెల్లెలు రాస్తుంది. రాసి పెడితేనే మన మనవరాళ్ళకు మనం ఎలా బతికామో తెలుస్తుంది.